బాధ ఒక్క వాక్యంలో చెప్పవలెను

ప్రయాణికులకు ముఖ్య గమనిక. మన ఊరి బస్ స్టేషన్‌లో మైకు పనిచేయడం లేదు. మైకు పనిచేయడం లేదన్న సంగతి మైకులోనే చెప్పవలసి ఉన్నందున, ఈ గమనిక ఇంతవరకు ఎవరికీ అందలేదు. కలిగిన అసౌకర్యానికి చింతించవలసిన అధికారి సెలవులో ఉన్నారు.

వానలు మొదలైన వారంలో ఆ మైకు ఒకసారి కీచుమని, కాసేపు గురగురలాడి, నోరు మూసుకుంది. మేడ మీది చిన్న గదిలో దాని ముందు కూర్చునే ఆవిడను ఊరంతా అనౌన్సరమ్మ అంటారు. ఆవిడ మొహం ఎవరూ ఎరగరు, గొంతు మాత్రం అందరూ ఎరుగుదురు. దుకాణంలో ఆవిడ "కిలో ఎంత?" అని అడిగితే పక్కనున్నవాళ్లు సంచులు భుజాన వేసుకుని బస్సు కోసం చుట్టూ చూస్తారు. ఒకప్పుడు ఆ గొంతు విని కాలేజీ బస్సెక్కినవాళ్లు ఇప్పుడు తమ పిల్లలను చంకనేసుకుని అదే గొంతు విని ఎక్కుతున్నారు. నీ ఆస్తి ఏమిటమ్మా అని ఎవరైనా అడిగి ఉంటే అనౌన్సరమ్మ ఆ గొంతే చూపించేది. ఎవరూ అడగలేదు.

మైకు మూగబోయిన రోజే ఆవిడ మేనేజరు గారికి మొరపెట్టుకుంది. మేనేజరు గారు జాప్యమంటే గిట్టని మనిషి. మర్నాటికల్లా గోడ మీద ఉత్తర్వు అంటించారు. "మైకు మరమ్మతు విషయము తీవ్ర పరిశీలనలో ఉన్నందున, సదరు పరిశీలన ముగియునంతవరకు అనౌన్సరు తమ సహజ కంఠముతోనే, తగినంత చిత్తశుద్ధితో ప్రకటనలు చేయవలెను." చిత్తశుద్ధి ఎంత ఉంటే తగినంతో ఉత్తర్వులో లేదు. అనౌన్సరమ్మ కిటికీ తలుపులు బార్లా తెరిచి, తల బయటపెట్టి, మొదటి బస్సును ఒక మోస్తరు చిత్తశుద్ధితో పిలిచి చూసింది. ఇంజన్ల రొదలో అది కింది బెంచీ దాకా కూడా చేరలేదు. చిత్తశుద్ధి ఇంకొంచెం పెంచింది. ఆ లెక్కన పెంచుకుంటూ పోగా, వానలు తగ్గేసరికి గొంతు బొంగురుపోయి, బొంగురు కాస్తా గరగర అయి, చివరికి రంపంతో చెక్క కోస్తున్న చప్పుడు మిగిలింది.

అది విని మేనేజరు గారు చాలా బాధపడ్డారు, ప్రయాణికుల తరఫున.

"చూడమ్మా, నీ గొంతంటే ఈ స్టేషన్ పరువు. అందుకే రికార్డు చేసిన గొంతు తెప్పిస్తున్నాం. యంత్రం. దానికి జలుబు చెయ్యదు, సెలవడగదు. వచ్చే నెల నుంచి అదే మాట్లాడుతుంది."

"మరి నేనో సార్?"

"నువ్వింక మాట్లాడనక్కర్లేదు. ఇంట్లో కూచోవచ్చు."

"నా గొంతుకేం రోగం లేదు సార్. మైకు లేక అరిచి అరిచి ఇలా అయింది."

"ఆ మాట నువ్వంటే ఎలా చెల్లుతుందమ్మా? మైకు లేకపోవడం వల్లే గొంతు పోయిందని డాక్టరు గారి చేత రాయించుకురా. మైకు బాగుచేయించే పూచీ నాది. నీ ఉద్యోగానికీ ఢోకా ఉండదు."

కాబట్టి అనౌన్సరమ్మకు కావలసింది పెద్ద విషయమేమీ కాదు. డాక్టరు గారికి రెండు వాక్యాలు చెప్పాలి. గొంతు పోయింది అనేది మొదటిది. మైకు లేక అరిచినందువల్ల పోయింది అనేది రెండోది. ఆ రెండోది ఆయన చెవిన పడితే ఉద్యోగం ఉంటుంది, పడకపోతే ఊడుతుంది.

ఇంటికెళ్లి మొదట భర్తకు చెప్పింది. ఆయన నీళ్ల మీటర్లు చదివే ఉద్యోగి. ఏ వీధిలో ఏ ఇంటి మీటరు ఎంత తిరిగిందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. పగలంతా మీటర్లు చదివి, సాయంత్రం అలసట తీరడానికి ఫోను చదువుతాడు. భార్య చెప్పిందంతా ఓపిగ్గా "ఊ" కొట్టాడు. ఆయన "ఊ" అన్నాడంటే విన్నాడని అర్థం కాదు. నువ్వు చెప్పుకో, నాకేం అభ్యంతరం లేదని అర్థం. నిజానికి ఆయన మంచివాడు. భార్యంటే ప్రాణం. ఆ ప్రాణం ఫోను పక్కనే పెట్టుకుంటాడు.

విన్నది వదినగారు, అంటే ఆయన అక్క. ఆవిడ పెద్ద చదువులు చదవలేదు. ఫోను కొన్న తర్వాత ఆ లోటు తీరింది. చుట్టుపక్కల ఇళ్లలో ఎవరికి తుమ్ము వచ్చినా ముందు ఆవిడ దగ్గరికి వచ్చి, తర్వాతే దస్తీ తీస్తారు.

"డాక్టరు దగ్గరికి వట్టి చేతులతో పోతే ఎలా వెళ్లావో అలాగే వస్తావు మరదలా," అంది వదినగారు. "ముందు నీ జబ్బు పేరు తెలుసుకో. పేరు చెబితేనే ఆయన తలెత్తి చూస్తాడు."

ఇక్కడ డాక్టరు గారి గురించి నాలుగు మంచి మాటలు చెప్పడం మన ధర్మం. ఆయన హస్తవాసి గొప్పది. కుడి చేతి సంగతి చెబుతున్నాం. ఎడమ చేయి ఎప్పుడూ బల్ల మీది గంట మీదే ఉంటుంది. ఊళ్లో జనం పెరిగారు, రోగాలు పెరిగాయి, డాక్టరు గారు మాత్రం ఒక్కరే మిగిలారు. అందుచేత ఆయన చాలా ఆలోచించి ఒక సంస్కరణ తెచ్చారు. ఆసుపత్రి గుమ్మం మీద దాన్ని బోర్డుగా రాయించారు. "రోగులు తమ బాధను ఒక్క వాక్యంలో చెప్పవలెను. కథలు చెప్పరాదు. 'అసలు ఏం జరిగిందంటే' అని మొదలుపెట్టినవారి టోకెను రద్దగును." వాక్యం పూర్తయిన మరుక్షణం గంట మోగుతుంది, తర్వాతి రోగి లోపలికొస్తాడు. ఈ పద్ధతి చూసి పోవడానికి పక్క ఊళ్ల నుంచి వైద్యులు వచ్చారు. తిరుగుప్రయాణంలో గంటలు కొనుక్కుని వెళ్లారు.

రోగులు డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఇంటర్నెట్‌లో ఎందుకు వెతుకుతారు, వెళ్లొచ్చాక మళ్లీ ఎందుకు వెతుకుతారు అనే విషయం మీద పెద్దలు తలలు బద్దలుకొట్టుకుంటున్నారని విన్నాం. తలలు అలా పాడుచేసుకోవద్దు. ఆ ఆసుపత్రి హాలులో ఒక్క పూట కూర్చుంటే చాలు. మనిషి బాధ ఒక్క వాక్యంలో పుట్టదు. మోకాలి నొప్పి మెట్ల దగ్గర మొదలవుతుంది, కోడలి మాట దగ్గర పెరుగుతుంది, పెన్షను ఆఫీసు వరసలో ముదురుతుంది. దాన్నంతా ఒక్క వాక్యంలోకి కుక్కాలంటే మామూలు తెలుగు చాలదు. గ్రీకో లాటినో కావాలి. అది ఫోనులో దొరుకుతుంది. కాబట్టి హాలులో బెంచీల మీద అందరూ తలలు వంచుకుని తమ తమ వాక్యాలు తయారుచేసుకుంటూ ఉంటారు. బెంచీ మొదట్లో చెవిపోటుతో కూర్చున్న డ్రాయింగు మాస్టారు, జరుగుతూ జరుగుతూ బెంచీ చివరికి వచ్చేసరికి మూత్రపిండాల దాకా వెళ్లారు. ఆయన పక్కనున్న లారీ డ్రైవరు అరికాలి మంట అని వచ్చినవాడు, అది చాలా చిన్న సంగతని తేలడంతో సిగ్గుపడి ఇంటికి వెళ్లిపోయాడు.

కౌంటరులో టోకెన్లమ్మ ఉంటుంది. "ఏం బాధ? ఒక్క ముక్కలో," అంటుంది. ఈవిడ ఒక్క ముక్క అడుగుతుంది, లోపల ఆయన ఒక్క వాక్యం చెప్పనిస్తారు కనుక, ఆసుపత్రిలో మనసున్నది డాక్టరుకేనని రోగులు చెప్పుకుంటారు.

అనౌన్సరమ్మ వంతు వచ్చింది. వదినగారు ఎంపిక చేసిచ్చిన జబ్బు పేరు ఆవిడ నోటికి తిరగలేదు. సొంత మాటల్లోనే మొదలుపెట్టింది.

"గొంతు బొంగురుపోయింది డాక్టరు గారూ. మై..."

గంట మోగింది. డాక్టరు గారు అప్పటికే టార్చి వేసి, "నోరు తెరువమ్మా, ఆ అను," అన్నారు. "ఆ," అంది. ఆ రెండో వాక్యంలో ఆవిడ డాక్టరుకు చెప్పగలిగింది "మై" అన్న ఒక్క అక్షరమే. ఆయన మందులు రాస్తూ, "ఏం భయం లేదు. కానీ..." అన్నారు. అంతలో తర్వాతి రోగి కడుపు పట్టుకుని వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. అనౌన్సరమ్మ లేచి నిలబడింది. తలుపు మూసుకుంది. ఆ "కానీ" ఆవిడతో పాటు ఇంటికొచ్చింది.

వదినగారు మాత్రల వంక కన్నెత్తి చూడలేదు. "కానీ అన్నాడా? ఎలా అన్నాడు? సాగదీసి అన్నాడా, తెంచేశాడా?"

"కొంచెం సాగదీశారు వదినా."

"మొహం ఎటు పెట్టాడు?"

"తలుపు వైపు."

"నీ మొహం చూడలేకపోయాడన్నమాట," అని వదినగారు నిట్టూర్చి ఫోను తీసింది.

ఆ ఇంట్లో ఆ "కానీ"ని పూర్తిచేసే పని మొదలైంది. వదినగారు ఒక్కొక్క రోగాన్నే పిలిచి నిలబెట్టి, లక్షణాలు సరిచూసి, చాలనిదాన్ని పంపించి, పెద్దదాన్ని రమ్మనేది. ఉప్పునీళ్లతో పోయే రోగాలు మొదటి పేజీలోనే అయిపోయాయి. రెండో పేజీలో కోతలు మొదలయ్యాయి. మూడో పేజీ వచ్చేసరికి వదినగారు చదవడం మానేసి, మరదలి తల నిమిరి, "ఈ పూట వంట నేను చేస్తాలే," అంది. వదినగారు తనంతట తాను వంట చేస్తాననడం ఆ ఇంట్లో అదే మొదలు. భర్త కూడా తల ఎత్తాడు. భార్య వైపు చూసి, కళ్లు తుడుచుకుని, మళ్లీ ఫోనులోకి వంగి, ఆయన కూడా అదే వెతకడం మొదలుపెట్టాడు. ఒకే రోగాన్ని ఇద్దరూ రెండు ఫోన్లలో వెతుకుతూ ఉండగా, రోగి వాళ్లిద్దరి మధ్య ఖాళీగా కూర్చుంది.

మర్నాడు మధ్యాహ్నం, రెండు బస్సుల మధ్య, మేడ మీది గదిలో చచ్చిన మైకు ముందు కూర్చుని అనౌన్సరమ్మ తన ఫోను తీసింది. ఇన్నాళ్లూ ఆవిడ దాన్ని మాట్లాడ్డానికే వాడింది. ఇప్పుడు మాట్లాడే వీలు లేదు. "గొంతు బొంగురుపోయింది" అని కొట్టింది. ఫోను గంట మోగించలేదు. "చాలా రోజులుగా" అని కొట్టింది. ఫోను వాచీ చూసుకోలేదు. "భయంగా ఉంది" అని కొట్టింది. "మీరు వెతుకుతున్నది ఇదేనా?" అని ఫోను అడిగింది. మీకేం కావాలి, ఇదేనా అని ఈమధ్య ఆవిడను అడిగినవాళ్లు లేరు. అనౌన్సరమ్మకు ఏడుపొచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని, పెద్ద పెద్ద రోగాల పేర్లన్నీ ఒకటొకటే చదివింది. చదివినకొద్దీ భయం పెరిగింది, అయినా ఆపలేదు. చెప్పుకుంటూ ఉంటే వినేది ఒకటి దొరికినప్పుడు అది ఏం జవాబు చెప్పినా వినాలనిపిస్తుంది.

అయితే ఒక్క విషయం. మైకు సంగతి ఆవిడ ఫోనుకు కూడా చెప్పలేదు. అప్పటికే ఒక్క వాక్యానికి అలవాటుపడిపోయింది. ఫోను కూడా, ఏం పని చేస్తావమ్మా అని అడగలేదు. ఆ మూడో పేజీ చదివాక, మైకు వల్లే గొంతు పోయిందన్న నమ్మకం ఆవిడకే సడలింది.

ఆ వారంలోనే బస్ స్టేషన్‌లో ఆరోగ్య అవగాహన సభ జరిగింది. ముఖ్య అతిథి డాక్టరు గారు, అధ్యక్షులు మేనేజరు గారు. అటువంటి పెద్దలు మాట్లాడే సభకు మైకు లేకపోతే బాగుండదని పొద్దున్నే ఒక మైకు అద్దెకు తెప్పించారు. వక్తలను పిలిచే బాధ్యత అనౌన్సరమ్మది. ఎన్నాళ్లకో చేతిలోకొచ్చిన మైకును ఆవిడ చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని, "ఇప్పుడు డాక్టరు గారు ప్రసంగిస్తారు," అంది. రంపపు చప్పుడు నాలుగు దిక్కులా స్పష్టంగా వినిపించింది. జనం చప్పట్లు కొట్టారు. డాక్టరు గారు పిలిచిందెవరో చూడకుండా ప్రసంగం కాగితాలు సర్దుకుంటూ లేచారు.

"సోదర సోదరీమణులారా!" అన్నారు డాక్టరు గారు. "నేటి రోగికి ఓపిక నశించింది. వైద్యుడు చెప్పేది పూర్తిగా వినడు. ఇంటికెళ్లి ఫోనులో వెతుకుతాడు. ఇది మానవజాతికి గొడ్డలిపెట్టు. వైద్యుడికీ రోగికీ మధ్య ఉండవలసింది ఏమిటి? నమ్మకం! నమ్మకం ఎలా కలుగుతుంది? మనసు విప్పి మాట్లాడుకోవడం వల్ల కలుగుతుంది!" ఆ విధంగా ఆయన గంటన్నర సేపు మనసు విప్పి మాట్లాడారు. అక్కడ గంట కొట్టేవారు ఎవరూ లేరు. ఆ వేళ బయలుదేరవలసిన బస్సులను పిలవడానికి మైకు ఖాళీ లేకపోవడం వల్ల, అవి ఖాళీగా వెళ్లిపోయాయి. చివర్లో సందేహాలున్నవారు ఒక్క వాక్యంలో అడగవచ్చునని మేనేజరు గారు ప్రకటించారు. వరసలో నిలబడ్డ జనం తమ తమ వాక్యాల కోసం ఫోన్లు తీశారు.

అనౌన్సరమ్మ వేదిక మెట్ల దగ్గర చేతులు జోడించింది. "డాక్టరు గారూ, ఆ వేళ మీరు కానీ అన్నారు..."

"రేపు రండమ్మా, టోకెను తీసుకోండి," అంటూ ఆయన కారెక్కారు. సాయంత్రం దుకాణంవాళ్లు వచ్చి మైకు విప్పుకుని తీసుకుపోయారు.

యంత్రం వచ్చే నెల దగ్గరపడుతోంది. ఆ రోజు గది మూసి ఇంటికి నడుస్తూ అనౌన్సరమ్మ బోర్డు మాటలను మళ్లీ మళ్లీ తలుచుకుంది. ఒక్క వాక్యం అన్నారు. ఎంత పొడుగుండాలో అనలేదు. పొడుగు వాక్యాలు ఆవిడకు కొత్త కాదు. ఒక్కొక్క బస్సును పది ఊళ్ల మీదుగా, ఊపిరి తిప్పుకోకుండా, ఒకే వాక్యంలో గమ్యం చేర్చడమే ఆవిడ ఉద్యోగం.

మర్నాడు డాక్టరు గారి ఎదుట కుర్చీలో నిటారుగా కూర్చుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

"దయచేసి వినండి, వానలు మొదలైనప్పుడు మైకు మూగబోయిన చోట బయలుదేరి, మేనేజరు గారి ఉత్తర్వు మీదుగా, కిటికీ, అరుపులు, ఇంజన్ల రొద మీదుగా, బొంగురు, గరగర, రంపపు చప్పుడు అను స్టాపులలో ఆగుతూ, ఉప్పునీళ్లు, మాత్రలు, మా వదినగారి ఫోను మీదుగా తమరి గదికి చేరుకున్న నా గొంతు, తమరు మొన్న మధ్యదారిలో దించేసిన కానీ అను మాట వలన, పెద్ద రోగమేమోనన్న భయంతో తిండి సహించక, నిద్ర పట్టక, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియక..."

డాక్టరు గారి ఎడమ చేయి గంట మీద తయారుగా ఉంది. కానీ వాక్యం పూర్తయితే గదా మోగించడం! ఆయన ఆ చేయి ఒకసారి ఎత్తారు, దించారు, మళ్లీ ఎత్తారు. నియమం ఆయనదే. అంతలో అనౌన్సరమ్మ గొంతు, ఉన్న కాస్తా తెగిపోయింది. పెదవులు కదిలాయి, చప్పుడు రాలేదు. వాక్యం పూర్తికాలేదు, కాబట్టి గంట మోగలేదు. గదిలో నిశ్శబ్దం. ఆ గదిలో నిశ్శబ్దం ఎలా ఉంటుందో డాక్టరు గారికి అంతవరకు తెలియదు. ఆయన కాసేపు బల్ల వైపు, కాసేపు పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశారు. ఇక చూడ్డానికి ఏమీ మిగలక, ఎదురుగా ఉన్న మనిషి వైపు చూశారు.

"నువ్వు... ఏం పని చేస్తావమ్మా?"

అనౌన్సరమ్మ పిడికిలి నోటి ముందు పెట్టుకుని మైకు చూపించింది. తర్వాత ఆ పిడికిలి విప్పి, లేదన్నట్టు ఊపింది. తర్వాత రెండు చేతులూ నోటికి అడ్డంపెట్టి అరిచినట్టు చేసింది. డాక్టరు గారి మొహంలో రంగు మారింది.

"ఆ గొంతు నీదా? నేను కాలేజీకి పోయేటప్పుడు... పాత వంతెన, చక్కెర మిల్లు, కోర్టు మీదుగా... ఆ గొంతు నీదేనా?"

అవునని తల ఊపింది.

"రోగం ఏమీ లేదమ్మా. మైకు లేక అరిచావు, గొంతు వాచింది. కొన్నాళ్లు పెదవి విప్పకుండా ఉంటే అదే వస్తుంది."

అనౌన్సరమ్మ లేవలేదు. ఊపిరితోనే, వినీ వినబడకుండా, "మరి కానీ?" అంది.

డాక్టరు గారు చాలాసేపు గుర్తుచేసుకున్నారు. "ఓ, అదా! ఏం భయం లేదు, కానీ తలుపు మెల్లగా వేసి వెళ్లు, స్ప్రింగు పోయింది అనబోయానమ్మా."

అనౌన్సరమ్మ నవ్విందో ఏడ్చిందో ఆవిడకే తెలియలేదు. వెళ్లేటప్పుడు మాత్రం తలుపు చాలా మెల్లగా వేసింది. చేతిలో డాక్టరు గారి కాగితం ఉంది. మైకు లేక అరిచినందున ఈమె గొంతు వాచినది, మైకు బాగుచేయవలెను, గొంతు కుదుటపడేవరకు ఈమె మాట్లాడరాదు.

మేనేజరు గారు కాగితాన్ని గౌరవంగా కళ్లకద్దుకుని, పక్కన పెట్టి, ఫోను తీశారు. చాలాసేపు వెతికారు.

"సారీ అమ్మా. మైకు లేకపోవడం అనే జబ్బు నెట్‌లో ఎక్కడా లేదు. డాక్టరు గారు పొరపడి ఉంటారు. మాట్లాడరాదు అన్న చివరి ముక్క మాత్రం ఉంది, చాలాచోట్ల ఉంది. అది అమలు చేస్తాం."

ఆ విధంగా వైద్యుడి మాటలో ఇంటర్నెట్ ధ్రువీకరించిన భాగం తక్షణం అమల్లోకి వచ్చింది. యంత్రం కూడా వచ్చింది. మేనేజరు గారు రిబ్బను కత్తిరించి, "నేటి నుంచి మన స్టేషన్‌లో అలుపెరగని గొంతు మోగుతుంది!" అని చిత్తశుద్ధితో అరిచారు. యంత్రాన్ని ఆ పాత మైకు తీగలకే తగిలించారు. మీట నొక్కారు. యంత్రం ఒక్క తప్పు లేకుండా, ఒక్క దగ్గు లేకుండా మాట్లాడిందని దాని మీద వెలిగిన పచ్చ దీపం వల్ల తెలిసింది. ఉచ్చారణ ఎంత స్వచ్ఛంగా ఉందో అని పెద్దలు మెచ్చుకున్నారు. ఏమీ వినబడని ప్రయాణికులు బస్సు ఎప్పుడని ఫోన్లలో వెతికారు. బస్సు సకాలంలో నడుస్తున్నదని అందులో ఉంది. అది చదువుతూ ఉండగా బస్సు వాళ్ల వెనకనుంచి వెళ్లిపోయింది.

ఇక మాట్లాడకూడని అనౌన్సరమ్మను ఏం చేయాలన్న ప్రశ్న మిగిలింది. డాక్టరు కాగితం చేతిలో ఉండగా ఇంటికి పంపితే పై అధికారులకు సంజాయిషీ రాయాలి. మేనేజరు గారు దూరం ఆలోచించి ఆవిడను విచారణ కిటికీలో కూర్చోబెట్టారు. ఆ కిటికీలో మాట్లాడవలసిన అవసరం ఇదివరకు కూడా ఎవరికీ పడలేదు.

మొదటి రోజు ఒక ముసలాయన వచ్చి చక్కెర మిల్లు బస్సు ఎప్పుడమ్మా అని అడిగాడు. అనౌన్సరమ్మ చేయి చాచి బస్సు వైపు చూపించింది. ఆయన వెళ్లలేదు. ఆవిడ మధ్యలో అడ్డుపడకపోవడం చూసి ధైర్యం తెచ్చుకుని, చక్కెర మిల్లుకు ఎందుకు వెళ్తున్నాడో చెప్పాడు. దాని తర్వాత తన ఎడమ భుజం సంగతి చెప్పాడు. భుజం నొప్పి ఎక్కడ మొదలైందో, ఎవరు ఏమన్న తర్వాత పెరిగిందో, మొత్తం చెప్పాడు. అనౌన్సరమ్మ కళ్లార్పకుండా విన్నది. ముసలాయన తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, బస్సు తప్పిపోయినా చిన్నబుచ్చుకోకుండా, మర్నాడు మళ్లీ వచ్చాడు. ఈసారి భార్యను కూడా తెచ్చాడు.

వారం తిరిగేసరికి విచారణ కిటికీ దగ్గర వరస గేటు దాటింది. డ్రాయింగు మాస్టారు మూత్రపిండాల నుంచి వెనక్కి నడిచి చెవిపోటు దాకా వచ్చారు. లారీ డ్రైవరు అరికాలి మంట గురించి సిగ్గుపడకుండా చెప్పుకున్నాడు. టోకెన్లమ్మ కూడా వచ్చి, రోజంతా ఒక్కొక్క ముక్కే వినడం వల్ల తనకు తల ఎలా దిమ్ముగా ఉంటుందో ఎన్నో ముక్కల్లో చెప్పింది. వాళ్ల రోగాలు తగ్గాయో లేదో మనకు తెలియదు. ఆసుపత్రి హాలులో ఫోన్లు మాత్రం జేబుల్లోకి వెళ్లాయి. డాక్టరు గారి గంట ఖాళీగా ఉందని చెప్పుకున్నారు.

ఒక సాయంత్రం వరస చివర నడుం మీద చేయి వేసుకుని ఒక పెద్దమనిషి నిలబడ్డాడు. తన వంతు వచ్చేదాకా ఫోనులో ఏదో వెతుకుతూనే ఉన్నాడు. కిటికీ దగ్గరికి వచ్చి, అటూ ఇటూ చూసి, ఫోను జేబులో పెట్టుకుని గొంతు తగ్గించాడు.

"అసలు ఏం జరిగిందంటే అమ్మా..." అన్నారు డాక్టరు గారు.

అనౌన్సరమ్మ వినసాగింది. ఆయన చాలాసేపు చెప్పారు.

ఇలా ఊరివాళ్ల గొంతులన్నీ వింటూ ఉండగా, ఆవిడ గొంతు ఆవిడకు తెలియకుండానే తిరిగి వచ్చింది. ఒక ఆదివారం ఇంట్లో గిన్నె జారి కాలి మీద పడితే "అమ్మా!" అన్న మాట శుభ్రంగా, వెనకటిలాగా, బస్సులను నిలబెట్టే స్పష్టతతో వచ్చింది. అనౌన్సరమ్మ కాలి నొప్పి మరిచిపోయింది. ఆ మాట మొట్టమొదట ఎవరికి చెప్పాలో ఆలోచించవలసిన పని లేదు. సంతోషంతో ముందు గదిలోకి పరుగున వచ్చింది.

"ఏమండీ!"

"ఊ," అన్నాడు ఆయన.

"నా గొంతు వచ్చిందండీ!"

ఆయన ఫోను మీంచి తలెత్తకుండానే ఆగమన్నట్టు చేయి చూపించాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. పాపం, ఎప్పటినుంచి చదువుతున్నాడో. "ఒక్క నిమిషం ఉండవే. నీ గొంతు ఎప్పటికొస్తుందో చూస్తున్నా. ఒక్కొక్కరూ ఒక్కో రకంగా రాశారు."

అనౌన్సరమ్మ ఉంది. ఆ నిమిషం అయిపోయింది, ఇంకో నిమిషం కూడా అయిపోయింది. మర్నాడు ఆవిడ యథాప్రకారం విచారణ కిటికీలో కూర్చుంది. నోరు విప్పలేదు. గొంతు వచ్చిందన్న సంగతి ఈ రోజుకూ స్టేషన్‌లో ఎవరికీ తెలియదు.

చదువరులకు చివరి గమనిక. మీరు ఇది చదువుతూ ఉండగా మీ ఇంట్లో ఒకరు వచ్చి, ఎక్కడో నొప్పిగా ఉందన్నారు. మీరు "ఊ" అన్నారు. ఇప్పుడు తలెత్తి ప్రయోజనం లేదు. వాళ్లు ఫోను తీసుకుని పక్క గదిలోకి వెళ్లారు.